రాత్రి ఫొటోలో లైట్లు ‘తెల్లముద్ద’ అవుతున్నాయా?

చదువుకుంటూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో కెమెరాతో నాలుగు రూపాయలు సంపాదించేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. షాపు ఓపెనింగులు, రిసెప్షన్లు, హోటళ్ల ఇన్‌స్టా పేజీలు.. ఈ పనులు ఎక్కువగా చీకటి పడ్డాకే. అక్కడే వస్తుంది చిక్కు. మీ ఫ్రేమింగ్ ఎంత బాగున్నా, ఎల్‌ఈడీ బోర్డు మీద తన షాపు పేరు తెల్లముద్దలా కనిపిస్తే ఓనర్ డబ్బులిచ్చేటప్పుడు మొహం చిట్లిస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం కూడా.

ఇదెందుకు జరుగుతుందంటే, ఆటో మోడ్‌లో కెమెరా సీన్ మొత్తాన్ని సగటు చూసి మధ్యస్థ బూడిద రంగు స్థాయికి తేవాలనుకుంటుంది. రాత్రిపూట ఫ్రేమ్‌లో చాలా భాగం చీకటే కదా! దాన్ని వెలిగించాలని షట్టర్ ఎక్కువసేపు తెరుస్తుంది, ఐఎస్‌ఓ పెంచుతుంది. ఆ దెబ్బకు దీపాలు హద్దు దాటిపోతాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే మెట్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255ని తాకాయంటే అక్కడ తెలుపు తప్ప ఏమీ మిగలదు. ఎడిటింగ్‌లో హైలైట్స్ స్లైడర్ ఎంత లాగినా ఆ తెలుపు బూడిద రంగుకు మారుతుందే కానీ అక్షరాలు తిరిగి రావు. చీకటి భాగాల సంగతి వేరు. కాస్త నాయిస్ వచ్చినా వివరాలను పైకి లాగొచ్చు. కాబట్టి రాత్రిపూట ఎక్స్‌పోజర్ లైట్లను చూసి పెట్టాలి, చీకటిని చూసి కాదు.

హైదరాబాద్‌లో ఉంటే ఒక సాయంత్రం చార్మినార్ దగ్గర ప్రయత్నించండి. పొద్దు గూకిన పావుగంట నుంచి మరో ఇరవై నిమిషాల వరకు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. బ్లూ అవర్ అంటారు. పేరుకే అవర్, మన దగ్గర అరగంట కూడా నిలవదు. ఆకాశంలో ఇంకా వెలుతురు ఉంటుంది కాబట్టి దీపాలకూ పరిసరాలకూ తేడా తక్కువ. కెమెరా సగం కష్టం అక్కడే తీరిపోతుంది. ఇక ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను -1తో మొదలుపెట్టి, అవసరమైతే -2 దాకా తగ్గించండి. మెనూలో హైలైట్ అలర్ట్ ఆన్ చేస్తే తెల్లబారిన చోట్లు స్క్రీన్ మీద మిణుకుమిణుకుమంటాయి. మినార్ల మీది నగిషీ మిణుకుమంటే ఇంకా తగ్గించాలి. లాడ్ బజార్ షాపుల్లో బల్బు ఒక్కటే మిణుకుమంటే వదిలేయండి. బల్బు బల్బులాగే ఉండాలి కదా, దాని కోసం గాజులన్నీ చీకట్లో కలిపేస్తే ఎలా?

రంగుల ఎల్‌ఈడీలు ఇంకో రకం మోసం చేస్తాయి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లాంటి చోట మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టుంటుంది, కానీ నీలం ఛానెల్ ఒక్కటే అంచు దాటేసి ఉంటుంది. ఫొటోలో ఆ లైటు రంగు పూసిన అట్టముక్కలా కనిపిస్తుంది. అందుకే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడటం అలవాటు చేసుకోండి. వీలైతే రాలో తీయండి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384 స్థాయిలుంటాయి, సర్దుకోవడానికి చోటెక్కువ. అయితే సెన్సర్ దగ్గరే నిండిపోయిన వెలుగును రా కూడా కాపాడలేదు.

తేడా మరీ ఎక్కువైతే ట్రైపాడ్ మీద -2, 0, +2 చొప్పున మూడు షాట్లు తీసి కలపొచ్చు. జనం, బండ్లు కదిలే చోట మాత్రం దెయ్యాల్లాంటి నీడలొస్తాయి. అలాంటి చోట ఒక్క షాట్ తక్కువ వెలుగులో తీయడమే నయం. చవక యూవీ ఫిల్టర్ ఉంటే రాత్రి తీసేయండి. దీపాల ప్రతిబింబాలు ఫ్రేమ్‌లో తేలేది చాలాసార్లు దానివల్లే.

ఫోనే ఉందా? ముందు లెన్స్ తుడవండి. వేలి జిడ్డు ప్రతి లైటు చుట్టూ పొగలా కనిపిస్తుంది. తర్వాత వెలుగున్న చోట స్క్రీన్‌పై నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును బోర్డు మీది అక్షరాలు చదవగలిగేదాకా కిందికి లాగండి.

ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లు ఇక్కడో సంగతి గమనించాలి. గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతికి మూలం ఇదే సూత్రం. లైట్లు పోకుండా కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరుసగా ఫ్రేములు తీసి, వాటిని కలిపి నాయిస్ తగ్గిస్తారు. 9 ఫ్రేముల సగటు తీస్తే యాదృచ్ఛిక నాయిస్ సిద్ధాంతపరంగా మూడో వంతుకు పడిపోతుంది. వర్గమూలం లెక్క, మీరు చదివిందే. ఫోన్, చిప్ కంపెనీల్లో కెమెరా ట్యూనింగ్, ఇమేజ్ క్వాలిటీ ఉద్యోగాలకు వెళ్లాలనుకుంటే పది అందమైన ఫొటోలకన్నా ఒకే సీన్‌ను మూడు ఎక్స్‌పోజర్లలో తీసి, హిస్టోగ్రామ్‌లు జతచేసి, ఏది ఎందుకు ఎంచుకున్నారో కింద రెండు వాక్యాలు రాసిన పేజీ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఓపెన్‌సీవీతో ఫ్రేములు కలిపిన కోడ్ కూడా గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమెలో ఇవ్వండి.