గ్రావెల్ క్వారీ పక్కన మన బావి

"ఏ నీళ్ళు తాగుతున్నారు?" కీళ్ళ నొప్పులతో, పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలతో వచ్చేవారిని మేము ముందుగా అడిగే ప్రశ్న ఇదే. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి తగదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. పైనున్న నీరు ఎండిపోతే కుటుంబాలు లోతు బోరుకు మారక తప్పదు. కాబట్టి బావిలో నీటిమట్టం ఎంత ఉందన్నది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. యాడికి, తాడిపత్రి ప్రాంతంలో సున్నపురాయి, నాపరాయి తవ్వకాలు మనకు కొత్త కాదు. ఇళ్ళకు, రోడ్లకు గ్రావెల్ కూడా కావాలి. తవ్వకమే వద్దని మేము అనడం లేదు.

అయితే గ్రావెల్ పొర వాన నీటికి జల్లెడ వంటిది. దాన్ని తీసేస్తే మురికి నీరు, యంత్రాల నుండి కారే డీజిలు, నూనె నేరుగా కిందికి దిగుతాయి. గుంత నీటిమట్టం కంటే కిందికి వెళితే లోపల ఊరిన నీటిని మోటార్లతో తోడేస్తారు, దానితో చుట్టుపక్కల బావులు దిగిపోతాయి. సున్నపురాయి నేలలో మరో చిక్కుంది. బెలుం గుహలు చూసినవారికి తెలుసు, నీరు ఆ రాతిని కరిగించి దారులు చేసుకుంటుంది. అలాంటి చోట మురికి వడకట్టబడకుండానే దూరం పోగలదు. గుంత మన పొలానికి ఆనుకొని లేదు కదా అని నిశ్చింతగా ఉండలేము.

ఇక అనుమతుల సంగతి. గ్రావెల్ చిన్న తరహా ఖనిజం. లీజు ఇచ్చేది రాష్ట్ర గనుల శాఖ. లీజు ఒక్కటే చాలదు. 5 హెక్టార్ల లోపు తవ్వకాలకైనా పర్యావరణ అనుమతి ఉండాలని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కూడా కావాలి. 5 హెక్టార్లు దాటితే సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ సభకు వెళ్ళండి. ఆడవాళ్ళు తప్పక వెళ్ళాలి, ఇంటికి నీళ్ళు మోసేది వాళ్ళే కదా! మాట్లాడడం కష్టమనిపిస్తే రాసి ఇవ్వవచ్చు.

పర్యావరణ అనుమతి పత్రం కింద షరతుల పట్టిక ఉంటుంది. చాలామంది మొదటి పేజీ చూసి పక్కన పెట్టేస్తారు. అసలు విషయం ఆ షరతుల్లోనే ఉంది. నీటిమట్టాన్ని తాకేంత లోతు తవ్వరాదని, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టాన్ని, నాణ్యతను ఏడాదికి నాలుగుసార్లు పరీక్షించాలని సాధారణంగా రాస్తారు: ఏప్రిల్-మే నెలల్లో, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో. ఆరు నెలలకొకసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి, షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. గ్రామ పంచాయతీలో అనుమతి పత్రం నకలు అడగండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం (2005) కింద దరఖాస్తు పెట్టవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది తవ్వకం మొదలు కాకముందు తీసిన కొలత. అది లేకపోతే తర్వాత "బావి ఎండింది" అంటే "కరువు వల్ల" అంటారు. ఆ మాటలో నిజం కూడా ఉండవచ్చు. వాన లేకపోయినా, మన బోర్లే ఎక్కువ తోడినా మట్టం దిగుతుంది. అందుకని క్వారీకి దగ్గర ఒక బావిని, అదే రకం నేలలో దూరంగా మరో బావిని కలిపి కొలవాలి. రెండూ సమానంగా దిగితే కరువును అనుమానించాలి. దగ్గరిది మాత్రమే దిగితే క్వారీ వారిని, అధికారులను అడగడానికి ఆధారం దొరికినట్టే.

ఇదంతా చదువుకున్న ఇంజనీర్లకే సాధ్యమనుకోవద్దు. 2000ల దశకంలో అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భ జల పథకం ఒకటి జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. ఆడవారు, మగవారు కలిసి పదిహేను రోజులకొకసారి బోర్లలో మట్టం కొలిచి, అందరూ చూసేలా ఊరిలో బోర్డు మీద రాసేవారు.

తాడుకు బరువు కట్టి, మీటరుకొక ముడి వేస్తే తెరిచిన బావికి అదే కొలబద్ద. ఉదయం మోటారు వేయకముందు కొలవండి, తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. పిల్లల్ని ఈ పనికి పంపవద్దు. మోటారున్న బోరులో తాడు దింపితే చిక్కుకుంటుంది, దానికి భూగర్భ జల శాఖ వారి సాయం తీసుకోండి.

ఏప్రిల్‌లోనూ నవంబరులోనూ ఒక్కొక్కసారి నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్, నైట్రేట్, మడ్డి, లవణాలు నాలుగూ చూడమని అడగండి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటితో పసిబిడ్డలకు డబ్బా పాలు కలపవద్దు. ఆ కాగితాన్ని ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.