ఆస్పిరిన్ గుట్టు విప్పిన కాంతిరేఖ

దర్శి పరిసరములలో గుండెజబ్బు నుండి తేరుకొని దినమునకొక ఆస్పిరిన్ బిళ్ళ వేసికొను పెద్దలు పెక్కుమంది కలరు. "మా తాతయ్య రోజూ వేసుకుంటున్నాడు గదా మాస్టారూ, అది రక్తంలో పనిచేస్తున్నట్టు ఎట్లా తెలుస్తుంది?" అని తరగతిలో ఒక బాలిక అడిగినది. చక్కెరను కొలిచినట్లు మందునే కొలిచి చెప్పుటకు వీలులేదు. ఏలయన, మ్రింగిన ఆస్పిరిన్ కొలది గంటలలోనే రక్తమున రూపుమాసిపోవును, దాని ప్రభావము మాత్రము దినముల తరబడి నిలుచును. కావున మందును గాక, మందు తాకిన కణముల నడవడిని పరీక్షింపవలెను. ఆ నడవడిని కంటికి కట్టించు యంత్రమే అగ్రిగోమీటరు.

డెంగీ జ్వరమున పడిపోయినవని మనము బెంగపడు ప్లేట్‌లెట్లు, అనగా రక్తఫలకికలు, నాళమునకు గాయమైనచోట ఒండొంటిని అంటుకొని గుంపుకట్టి రంధ్రమును పూడ్చును. ఆ గుంపుకట్టుటను కొలుచుటెట్లు? నోబెల్ బహుమతి నందిన భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్ బార్న్ కుమారుడును, లండను రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఔషధశాస్త్రాచార్యుడును అగు గుస్తావ్ బార్న్ 1962లో చూపిన ఉపాయము ఎన్నిమారులు తలచినను నాకు విసుగు పుట్టింపదు. జిన్నింగు మిల్లులో దూదిపోగులు గాలినిండ ఎగురునప్పుడు కిటికీ వెలుతురు మసకబారి, అదే దూది బేళ్ళుగా బిగింపబడిన వెనుక గది తేటపడును గదా. విడివిడిగా తేలు ఫలకికలు కాంతిని చెదరగొట్టును, గుంపుకట్టిన పిమ్మట దానికి దారి విడుచును.

సిరనుండి తీసిన రక్తము తొమ్మిది పాళ్ళకు సోడియం సిట్రేటు ద్రావణమొక పాలు కలిపి, సెంట్రిఫ్యూజులో మెల్లగా త్రిప్పినచో, ఎఱ్ఱకణములు అడుగునకు దిగి, ఫలకికలతో మబ్బుపట్టిన పసుపురసము పైన మిగులును. దానిని గాజుగొట్టమున బోసి, 37 డిగ్రీల వెచ్చదనమున నుంచి, లోపల చిన్న కడ్డీ నిమిషమునకు ఇంచుమించు వేయిమారులు తిరుగుచుండ, ఒకవైపు దీపమును ఆవలివైపు ఫోటోసెల్లును నిలుపుదురు. కడ్డీ ఆగినచో ఫలకికలు ఒండొంటిని తాకవు, గుంపును కట్టవు. మొదట కాగితముపై కలము గీయు గీత సన్నగా వణకుచుండును. చదునైన ఫలకికలు సుడిలో దొర్లుచు వెలుగును క్షణక్షణము మార్చుటయే కారణము. ఫలకికలను గుంపుకట్టించు ఏడీపీ అను పదార్థపు చుక్క పడగానే వణకు అణగి గీత ఒకించుక క్రుంగును. అది ఫలకికలు గుండ్రముగా మారిన క్షణము. వెంటనే అవి గుంపుకట్టగా వెలుగు దాటి గీత పైకెగయును.

ఈ ఏడీపీ, ఏటీపీ అను అణువు నుండి ఒక ఫాస్ఫేటు ఊడగా మిగులునది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డున సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొనెను. ఫలకికలలో ఏటీపీ సమృద్ధిగా కలదని బార్న్ 1956లో ప్రకటించెను. లండనులోని ఆ గాజుగొట్టమున మన గోదావరి ప్రాంతపు మేధ కూడ కలిసియున్నదని నేను పొంగిపోవుదును.

అదే 1962లో పోర్ట్స్‌మత్‌లో జె. ఆర్. ఓబ్రయిన్ స్వతంత్రముగా ఇట్టి పద్ధతినే ప్రకటించెను. యంత్రమునకు బార్న్ పేరే అతుకుకొనినది గాని, నా మట్టుకు ఇరువురకును సమభాగమే న్యాయము. 1968లో ఆస్పిరిన్ ప్రభావమును ఫలకికలపై చూపిన తొలివారిలో ఓబ్రయిన్ ఒకడు.

ఆస్పిరిన్ వేసికొనినవారి రసమున తగిన మోతాదు ఏడీపీ కలిపినచో గీత మామూలుగా ఎక్కు రెండు మెట్లలో మొదటిది ఎక్కును, రెండవది మాత్రము ఎక్కదు. అరాకిడోనిక్ ఆమ్లము కలిపినచో దాదాపు కదలనే కదలదు. ఫలకికలోని సైక్లోఆక్సిజనేజ్ అను ఎంజైము ఈ ఆమ్లమును ఇతర ఫలకికలను పిలుచు థ్రాంబాక్సేనుగా మార్చు మార్గమున తొలిమెట్టు. దానికి ఆస్పిరిన్ ఎసిటైల్ ముక్కను శాశ్వతముగా అంటించును. కేంద్రకము లేని ఫలకిక క్రొత్త ఎంజైమును చేసికొనజాలక, తన పదిదినముల ఆయువును అట్లే గడుపును. ఈ ఎంజైము మార్గమును ఆస్పిరిన్ అడ్డగించునని 1971లో జాన్ వేన్ తెలిపి, 1982లో నోబెల్ బహుమతిని పంచుకొనెను.

1980లో కార్డినల్, ఫ్లవర్ అనువారు సంపూర్ణ రక్తములోనే విద్యుత్తుతో కొలుచు విధమును తెచ్చిరి. పిమ్మట ఈ పరీక్షను చేయు చిన్న పెట్టెలవంటి యంత్రములు వచ్చినవి. గుండెజబ్బు గలవారందఱికిని ఈ పరీక్షను వ్రాయుట ఆచారము కాదు. గొట్టపు పరీక్ష రక్తము తీసిన నాలుగు గంటలలో ముగియవలెను గనుక, దర్శిలో తీసిన రక్తమును బస్సులో హైదరాబాదుకు పంపుట వ్యర్థము. రోగియే యంత్రమున్న చోటికి పోవలెను. రక్తస్రావ దోషము కలదేమోయని పరీక్షకు వచ్చినవారు, గడచిన పదిదినములలో తలనొప్పికని మ్రింగిన బిళ్ళనైనను దాచక చెప్పవలెను. ఆ ఒక్క బిళ్ళయే గీతను మార్చివేయగలదు.