పాత కెమేరా కొనేముందు

మా నాయనమ్మను మేము జేజి అనేవాళ్ళం. 1998 వేసవిలో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, కడప దగ్గరున్న మా పల్లెకు వెళ్ళి, అరుగు మీద కూర్చున్న జేజికి పన్నెండు ఫోటోలు తీశాను. కెమేరా మా మామ కువైటు నుంచి తెచ్చినది. దాన్ని నా చేతికివ్వడమే గొప్ప. కెమేరా కిటికీలోంచి చూస్తే జేజి బోసినవ్వు చక్కగా కనబడింది. మీట నొక్కితే టిక్కుమన్నది. తీరా ఫిలిం కడిగించి చూస్తే ఆ పన్నెండు చోట్లా ఏమీ లేదు. లెన్సు మీది మూత తియ్యలేదు! జేజికి చూపు ఆనదు కనుక, ఆమెకూ ఆ సంగతి తెలియలేదు. ఆ కార్తీకంలోనే జేజి పోయింది. ఆమె ఫోటో మా ఇంట్లో నేటికీ లేదు.

మూత మరిచిపోవడమేమిటని మీరు నవ్వవచ్చు. తప్పు నాదే, కాని ఆ కెమేరాల తీరూ అటువంటిదే. వాటిని రేంజ్‌ఫైండర్లు అంటారు. వాటిలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పైనున్న వేరే కిటికీలోంచి. మూత వున్నా లోకమంతా కనబడుతూనే వుంటుంది. కిటికీ నడుమ చిన్న మచ్చలో బొమ్మ రెండుగా కనబడుతుంది. లెన్సు చుట్టూవున్న వలయాన్ని తిప్పి ఆ రెండింటినీ కలిపితే దూరం కుదిరినట్లే.

ఇన్నేళ్ళకు మా అమ్మాయికి ఫిలిం కెమేరా మీద మోజు పుట్టింది. "నాన్నా, ఫోన్లో వెయ్యి తీసినా మళ్ళీ ఒక్కటీ చూడం. ముప్పై ఆరే వుంటే ఆలోచించి తీస్తాం" అన్నది. కాదనలేకపోయాను. అయితే, రోజూ సంచీలో వేసుకుని తిరగడానికి ఏది మంచిది? లెన్సు విప్పి మార్చే పని లేని కెమేరా అయితే మా కర్నూలు దుమ్ము లోపలికి పోయే భయం తక్కువ. కనుక ఆ జాతిలోనే వెతికాం.

మొదట కనబడేది యాషికా ఎలక్ట్రో 35. 1966లో వచ్చింది. లెన్సు దొడ్డది, వెలుగు తక్కువైనా పని చేస్తుంది. మీరు ఎపర్చరు పెడితే షట్టరు వేగం సంగతి అదే చూసుకుంటుంది. బరువు మాత్రం కాస్త ఎక్కువ. పైగా వేగాలన్నీ బ్యాటరీ చేతిలో వున్నాయి. బ్యాటరీ చచ్చిపోతే సెకనులో 500వ వంతు ఒక్కటే మిగులుతుంది. అయినా మన సీమ యెండ దీన్నీ ఆదుకుంటుంది! నడిమధ్యాహ్నం 100 స్పీడు ఫిలింకు ఎఫ్ 16 దగ్గర 125వ వంతు సరిపోతుందని పాత లెక్క. అంటే ఎఫ్ 8 దగ్గర 500వ వంతు. కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు మిట్టమధ్యాహ్నం నిలబడితే బ్యాటరీ లేని యాషికా కూడా ఫోటో తీస్తుంది. సాయంత్రమైతే మాత్రం చేతులెత్తేస్తుంది.

రెండోది 1972లో వచ్చిన కెనానెట్ జి-3. చిన్నది. బ్యాటరీ లేకపోయినా అన్ని వేగాలూ చేత్తో పెట్టుకోవచ్చు. ఒలింపస్ 35 ఆర్‌సి 1970 నాటిది. ఇంకా చిన్నది, దాని లెన్సు అంత వెలుగు పట్టదు గాని పగటి వాడకానికి ఏ లోటూ లేదు. మినోల్టా హైమాటిక్ 7ఎస్ కూడా బ్యాటరీ లేకుండా నడిచేదే. ఈ హైమాటిక్ వంశానికి చెందిన తొలి కెమేరా ఒకటి, అమెరికాలో వేరే పేరు పెట్టుకుని, 1962లో జాన్ గ్లెన్ వెంట అంతరిక్షానికి వెళ్ళివచ్చింది.

పేరును చూసి కాక, చేతిలోకి తీసుకుని పరీక్షించి కొనండి. దూరపు కొండ వైపు చూడండి. కడపవారికి పాలకొండలు వుండనే వున్నాయి. లెన్సు వలయాన్ని చివరిదాకా తిప్పితే రెండు బొమ్మలూ కలవాలి. కలవకపోతే బాగుచేయించాలి. షట్టరును నిదానపు వేగంలో పెట్టి నొక్కండి. రేకులు అతుక్కుంటే జిడ్డు చేరినట్లు. యెండలో నిలిపిన కారులో కెమేరా వదిలితే గ్రీజు కరిగి ఆ రేకుల మీదికే చేరుతుంది. లెన్సులోకి టార్చిలైటు వేసి బూజుందేమో చూడండి. వెనక తలుపు అంచున నల్ల స్పంజి జిగురుజిగురుగా వుంటే భయపడకండి, మార్చుకోవచ్చు. యాషికా అయితే ఫిలిం తిప్పే మీట లాగినప్పుడు లోపల 'టక్'మని వినబడాలి.

బ్యాటరీదొక చిక్కు. కెనానెట్, ఒలింపస్‌లకు ఆనాడు వాడిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. 1.5 వోల్టులది వేస్తే మీటరు మోసపోయి ఫోటో నల్లబడుతుంది. చెవిటి మిషన్లో వేసే 675 నంబరు బిళ్ళ ఇంచుమించు సరిపోతుంది. మన పొడిగాలికి అది త్వరగా ఎండిపోతుంది, కనుక ఒకటి అదనంగా దగ్గర వుంచుకోవాలి. ఇంకో మాట. నల్లని కడప బండల నేల మీద మనిషిని నిలబెడితే మీటరు నలుపును చూసి ముఖాన్ని మరీ తెల్లబరుస్తుంది. సున్నం కొట్టిన గోడ వెనకవుంటే నల్లబరుస్తుంది. ముఖం దగ్గరికి వెళ్ళి వెలుగు కొలిచి, ఆ కొలతతోనే తీయాలి.

మేము చివరికి కెనానెట్టే తీసుకున్నాం. కారణం నాకొక్కడికే తెలుసు. యాషికాలో వెలుగు కొలిచే కన్ను కెమేరా ఒంటి మీద వుంటుంది. మూత వున్నా దానికి పట్టదు. కెనానెట్‌కు ఆ కన్ను లెన్సు చుట్టూవున్న వలయంలోనే వుంది. ఆటోలో పెట్టి, మూత తియ్యకుండా నొక్కితే మీట దిగదు. అయితే చేత్తో వేగం పెట్టుకున్నప్పుడు ఈ కాపలా వుండదు.

మొన్న ఆదివారం మా అమ్మాయి వాళ్ళ అవ్వను, అంటే మా అమ్మను, వాకిట్లో కూర్చోబెట్టి కెమేరా ఎత్తింది. మా అమ్మకు ఆ పాతకథ బాగా తెలుసు. నా వైపు ఒకసారి చూసి, మనవరాలితో అన్నది:

"ముందు ఆ మూత తీసినావో లేదో చూడమ్మే!"