వెండి రూపాయిపై పంది, చార్మినారు వాకిట అక్షరము

నాణెము ఎంత పాతదైన అంత వెల పలుకునని లోకుల నమ్మకము. శాతవాహనుల నాటి నాణెములు రమారమి రెండువేల యేండ్ల ప్రాయము గలవి. అయినను పెద్దబంకూరు, కోటిలింగాల వంటి చోట్ల అవి విరివిగా దొరకుటచేత సామాన్యములైనవానికి సంగ్రాహకులు పెద్దగా తొందరపడరు. మన తాతల రొండిన మెలగిన 1911వ సంవత్సరపు వెండి రూపాయికి మాత్రము షరాబు కొట్లు గాలించుచుందురు.

అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మతో ఆ యేడు వెలువడిన రూపాయిలో, రాజవస్త్రముపై చెక్కిన ఏనుగు తొండము మిక్కిలి పొట్టిదై, చూచువారికి అచ్చముగ పందివలె కానవచ్చెను. మహమ్మదీయులు దానిని ముట్టుటకు రోసిరి. అలజడి పెరుగగా దొరతనమువారు టంకశాలలో మిగిలిన నాణెములను కరగించి, 1912లో తొండము స్పష్టముగ నుండునట్లు దిమ్మెను దిద్దించిరి. శిల్పి యుద్దేశ మెట్టిదైనను, 'పంది రూపాయి' యను పేరు మాత్రము దానికి స్థిరపడిపోయినది.

అదే 1911లో హైదరాబాదు టంకశాలయందును ఒక మార్పు జరిగినది. నిజాము రాజ్యపు నాణెమైన హాలీ సిక్కాపై చార్మినారు బొమ్మ, దాని నడిమి వాకిట ఏలుచున్న నిజాము పేరిటి తొలి ఉర్దూ అక్షరము ఉండెడివి: మహబూబ్ అలీఖానునకు 'మీము', ఆయన మరణానంతరము గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖానునకు 'ఐను'. ఉస్మాను తొలి రూపాయలలో ఈ యక్షరము తల మాత్రమే కలిగి కురుచగ నుండును. తరువాతివానిలో తోకతో సహా నిండుగ నుండును. భూతద్దము క్రింద తప్ప ఈ భేదము సరిగా తేలదు. అమ్మమ్మల రూపాయలను వెండిధరకు తూచి కరగించినవారిలో ఎందరు ఆ వాకిలివంక చూచిరో!

విక్టోరియా రూపాయి కథ మరియు చిత్రమైనది. 1862 అను అంకెనే కదల్పక 1874 వరకు ముద్రించిరి; కావున అంకె క్రింది చుక్కలను లెక్కించియే దాని ముద్రణకాలమును ఊహింపవలెను.

అరుదైనదానికి వెల పెరుగగానే దొంగ నాణెము పుట్టును. పోతపోసినదానిపై సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరములు కనబడును. అంచు నొక్కులు చెదరియుండును. త్రాసు మరింత నమ్మకమైన సాక్షి: ఆంగ్లేయుల రూపాయి పదకొండున్నర గ్రాములు దాటి, 11.66 వరకు తూగును. నిజమైన నాణెమునైనను చింతపండుతో తోమి మెరుగుపెట్టినవారు దాని విలువను తామే చెరిపినవారగుదురు. నల్లబడిన వెండినే యెఱిగినవారు కోరుదురు.

ఇక పొలము దున్నగా కుండ బయలుపడినచో, అందలి సొత్తు పది రూపాయల వెలకు మించినయెడల కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి నిధినిక్షేపముల చట్టము శాసించుచున్నది. దళారి మాత్రము కలెక్టరుకంటె ముందే వాకిట నిలుచును.