వార్తల్లో పదం: హెల్ప్

భూగర్భమునందలి చమురును, సహజవాయువును వెలికితీయుటకై 2016 మార్చిలో కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన హైడ్రోకార్బన్ల అన్వేషణ, లైసెన్సు విధానమునకు ‘హెల్ప్’ అని వ్యవహారనామము. అంతకు పూర్వము 1999లో ఆచరణలోనికి వచ్చిన ‘నెల్ప్’ పద్ధతిలో, కంపెనీ తన వ్యయమును మొదట రాబట్టుకొని, మిగిలిన లాభమును మాత్రమే ప్రభుత్వముతో పంచుకొనుచుండెడిది. అందులో ఏది న్యాయమైన ఖర్చో, ఏది కాదో తేల్చుటకై కృష్ణా-గోదావరి (కేజీ) సముద్రగర్భమందలి కేజీ-డి6 క్షేత్ర విషయమున ఏండ్ల తరబడి తగవు నడచినది. 2009లో మొదలైన అచ్చటి వాయూత్పత్తి కొలదికాలమునకే క్షీణించుటతో ఆ తగవు మరింత ముదిరినది. (వాయువుకంటె లెక్కల పుస్తకములనే ఎక్కువగా తవ్విరేమో!) హెల్ప్‌లో ఆ బెడద లేదు, వచ్చిన ఆదాయమునందే ప్రభుత్వమునకు వాటా. చమురు, సహజవాయువు, బొగ్గుపొరల మీథేను, షేల్ వాయువు అన్నిటికిని లైసెన్సు ఒక్కటే.

అయితే ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములకు ఈ లైసెన్సులతో నిమిత్తము లేదు. వాయువు అవక్షేపశిలలలో చిక్కునే గాని, ఆ సీమకు ఆధారమైన ప్రాచీన గ్రానైటు, నైసు రాళ్లలో చిక్కదు. ఆ ప్రాంతవాసుల నిక్షేపము మింటనున్నది, అది సూర్యరశ్మి. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కుప్పం నియోజకవర్గములోని నడిమూరులో ఇండ్లపై సౌరఫలకములమర్చు కార్యక్రమమును ప్రారంభించిరి. పీఎం సూర్యఘర్ అను గృహసౌరవిద్యుత్ పథకము క్రింద 3 కిలోవాట్లకు కేంద్రమొసగు సబ్సిడీ 78,000 రూపాయలు.

అయినను సూర్యాస్తమయానంతరము పెరుగు గిరాకీని సత్వరముగా అందుకొనగలవి వాయు విద్యుత్కేంద్రములు. కేజీ వాయువును నమ్మి ఆంధ్రదేశమున నిర్మించిన వానిలో పెక్కులు ఆ వాయువు అందకయే మూలబడినవి.