ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్: వెనకబడ్డ పిల్లలకి నిజంగా పనికొస్తుందా?

ఈ ఎపిసోడ్‌లో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు పెద్దదే గానీ విషయం సింపుల్. మామూలుగా పాఠం బళ్లో, హోంవర్క్ ఇంట్లో. దీన్ని తిరగేశారు. పాఠం వీడియోలో ఇంటి దగ్గర చూసి రావాలి. లెక్కలు, డౌట్లు, ప్రశ్నలు క్లాసులో టీచర్ ముందు.

అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్లాసు మిస్సయిన పిల్లల కోసం 2007లో పాఠాలు రికార్డ్ చేయడం మొదలుపెట్టారు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది వాళ్లే.

వినగానే ఇది పేద పిల్లలకే ఎక్కువ మేలు అనిపిస్తుంది. ఎందుకంటే పాఠం వినడం తేలిక, లెక్క చేయడం కష్టం. ఆ కష్టమైన పనిని మనం ఇంటికి పంపిస్తున్నాం. ఇంట్లో చదువుకున్న అమ్మానాన్నలో, ట్యూషనో ఉంటే పర్లేదు. ఇంట్లో మొదటిసారి బడికెళ్తున్న పిల్ల ఎవర్ని అడుగుతుంది? ఫ్లిప్ చేస్తే ఆ కష్టం టీచర్ పక్కనే జరుగుతుంది. పైగా వీడియోని ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఎవరూ నవ్వరు.

మరి చిక్కెక్కడ? మొదటిది ఫోన్. మన దేశంలో గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద చేసిన అసర్ 2023 సర్వే చూడండి. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8 శాతం. ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, రాత్రి ఎనిమిదింటికి అది ఆ అమ్మాయి చేతిలో ఉండటం వేరు.

సరే, అందరికీ డివైస్ ఇచ్చేస్తే అయిపోతుందా? అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో వెయ్యి మందికి పైగా విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఎవరు ఏ తరహా క్లాసులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. అక్కడ అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు, కంప్యూటర్ కొరత లేదు. అయినా ఏమైంది? లెక్కల్లో మొదట కొంచెం లాభం కనిపించి తర్వాత పోయింది. ఎకనామిక్స్‌లో తేడా లేదు. ముందే బాగా చదివేవాళ్లే ఎక్కువ లాభపడ్డారు, వెనకబడ్డవాళ్లతో తేడా ఇంకా పెరిగింది. నా దృష్టిలో దీని అర్థం ఒకటే. ఒంటరిగా వీడియో చూసి నేర్చుకోవడం కూడా ఒక విద్యే. అది వచ్చినవాడికే వీడియో పనికొస్తుంది.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. వాషింగ్టన్ యూనివర్సిటీలో బయాలజీ మొదటి కోర్సుని మార్చారు. ముందే చదువుకుని రావాలి, చదివినదాని మీద క్విజ్ ఉంటుంది, క్లాసంతా ప్రశ్నలే, వారం వారం ప్రాక్టీస్ పరీక్ష. 2011లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, వెనకబడ్డ నేపథ్యం నుంచి వచ్చినవాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య మార్కుల తేడా దాదాపు సగానికి తగ్గింది. ఇక్కడ పని చేసింది వీడియో కాదు. ప్రతిరోజూ చిన్న లెక్క అప్పజెప్పాల్సి రావడం, ఎక్కడ ఆగిపోయామో టీచర్‌కి వెంటనే తెలియడం.

మన దగ్గరికి వద్దాం. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి డేటా ఖర్చు లేదు. డివైస్ చిక్కు తీరడం చిన్న విషయం కాదు. కానీ మర్నాడు క్లాసులో టీచర్ మళ్లీ అదే పాఠం మొదట్నుంచీ చెప్తే అది ఫ్లిప్ అవ్వదు. అరవై మందున్న క్లాసులో ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లే టైమ్ దొరకాలి కదా.

కాబట్టి నా సమాధానం: పని చేస్తుంది, మూడు షరతుల మీద. ఇంట్లో కుదరనివాళ్లు బళ్లోనే వీడియో చూసే వీలుండాలి. వీడియో పొట్టిగా ఉండి, చివర చిన్న క్విజ్ ఉండాలి. క్లాసు టైమ్ పూర్తిగా సాధనకే పోవాలి. ఈ మూడూ లేకపోతే బడి తన పనిని ఇంటి మీదకి నెట్టేసినట్టే.

మీరు ఫోన్‌లో పాఠాలు చూసేవాళ్లైతే ఈ ఒక్కటి ట్రై చేయండి. ఐదు నిమిషాలకోసారి ఆపి, స్క్రీన్ చూడకుండా అర్థమైంది రాయండి. రాయలేకపోయిన చోటే మీ డౌట్. రేపు సార్‌నో, మేడమ్‌నో అడగాల్సింది అదే.