సింహాసనం లేని రాకుమారి మాట

కొత్త ఢిల్లీ:

బడ్జెట్ సమావేశాల ఆరంభంలో పార్లమెంటు ఉభయసభల నుద్దేశించి రాష్ట్రపతి చదివే ప్రసంగం మంత్రివర్గం ఆమోదించినదేనని పాఠకులకు విదితమే. గొంతు రాష్ట్రపతిది, మాట ప్రభుత్వానిది. 2019 అక్టోబరులో నెదర్లాండ్స్ రాజు విలెమ్ అలెగ్జాండర్ సతీసమేతంగా రాష్ట్రపతి భవన్‌కు అతిథిగా విచ్చేసినప్పుడు ఈ పోలిక స్ఫురించక మానలేదు. 1848 నాటి రాజ్యాంగ సంస్కరణ మొదలు ఆ దేశంలో రాజు ఏమి పలికినా అందుకు జవాబుదారీ మంత్రులదే. ఆయన యువరాజుగా ఉండగా నీరు, పారిశుద్ధ్యం గురించిన ఐక్యరాజ్యసమితి సలహా మండలికి అధ్యక్షత వహించారు. 2013లో పట్టాభిషిక్తులు కాగానే ఆ బాధ్యత విడిచిపెట్టవలసి వచ్చింది.

అయితే ఆ రాజకుటుంబంలో మతాన్ని, ప్రకృతిని, శాంతిని గురించి మనసులోని మాటను బాహాటంగా చెప్పిన వ్యక్తి ఒకరున్నారు. ఆమె రాజుగారి పినతల్లి ఇరీన్ రాకుమారి. ఆ స్వేచ్ఛకు ఆమె చెల్లించిన మూల్యం సింహాసనంపై గల వారసత్వపు హక్కు.

జూలియానా రాణికి రెండవ కుమార్తెగా 1939లో జన్మించిన ఇరీన్, స్పానిష్ భాషను అభ్యసిస్తూ ఆ దేశంతో సాన్నిహిత్యం పెంచుకున్నారు. ఆమె కాథలిక్ మతం స్వీకరించిన సంగతి 1964 జనవరిలో వెల్లడి కాగా హాలెండ్ యావత్తూ అట్టుడికిపోయింది. కాథలిక్ స్పెయిన్‌తో ఎనభై ఏళ్ళు పోరాడి స్వతంత్రమైన దేశమది; రాజవంశం ప్రొటెస్టెంటు. పైగా వరుడు కార్లోస్ హ్యూగో, ఫ్రాంకో నియంతృత్వంలోని స్పెయిన్ సింహాసనం తమదేనని వాదించే వంశీకుడు. వివాహానికి పార్లమెంటు ఆమోదం కోరడం జరగలేదు. 1964 ఏప్రిల్ 29న రోములో పెళ్ళి జరిగినప్పుడు తల్లిదండ్రులు గాని, అక్కచెల్లెళ్ళు గాని అక్కడ లేరు. ఇంటి ఆడపిల్ల పెళ్ళికి కన్నవారు వెళ్ళలేకపోవడం మన దేశంలో ఏ సామాన్య కుటుంబానికీ మింగుడుపడే విషయం కాదు.

మంత్రుల జంకుకు పూర్వానుభవం లేకపోలేదు. చిన్న కుమార్తె కంటిజబ్బు నయమగునన్న ఆశతో జూలియానా రాణి, ప్రార్థనతో స్వస్థత చేకూరుస్తానన్న ఒక మహిళను చేరదీయగా, 1956లో అది రాజ్యాంగ సంక్షోభానికే దారితీసింది. విచారణ సంఘం సలహా మేరకు ఆమెను దూరంగా ఉంచవలసి వచ్చింది. రాణి విశ్వాసం రాణి సొంతం కాదని నాడే తేలిపోయింది.

1981లో విడాకులైన పిదప ఇరీన్ నలుగురు పిల్లలతో స్వదేశంలో స్థిరపడ్డారు. అమెరికన్ క్రూయిజ్ క్షిపణులను తమ గడ్డపై నిలపరాదంటూ 1983 అక్టోబరు 29న హేగ్ నగరంలో అయిదున్నర లక్షల మంది ప్రదర్శన జరిపినప్పుడు వేదికపై ప్రసంగించిన వారిలో ఆమె ఒకరు. అప్పుడు సింహాసనంపై ఉన్నది ఆమె అక్క బియాట్రిక్స్. అక్క నోరు విప్పరాని విషయంపై చెల్లెలు జనసమూహం మధ్య నిలిచి మాట్లాడింది.

అక్క మాత్రం సర్వదా మౌనంగా ఉన్నదనుకోవడం పొరపాటు. 1988 క్రిస్మస్ సందేశంలో, భూమి మెల్లమెల్లగా మరణిస్తున్నదని బియాట్రిక్స్ రాణి హెచ్చరించారు. మరుసటి మే నెలలో లుబ్బర్స్ మంత్రివర్గం పర్యావరణ ప్రణాళికకు సొమ్ము సమకూర్చే విషయమై, కార్లలో ఉద్యోగానికి వెళ్ళేవారి పన్ను రాయితీపై తలెత్తిన తగాదాతో కూలిపోయింది. రాణి మాటకూ ప్రభుత్వ పతనానికీ కార్యకారణ సంబంధం అంటగట్టలేము గాని, ఆ మాట నాటి ప్రజల మనోభావానికి దగ్గరగా ఉన్నదని చెప్పక తప్పదు.

1995లో ఇరీన్ 'ప్రకృతితో సంభాషణ' అనే గ్రంథం ప్రచురించారు. తాను చెట్లతో మాట్లాడతానని ఆమె చెప్పడంతో డచ్చి పత్రికలకు పండుగే అయింది. అక్క మాట గంభీర రాజసందేశమైతే, చెల్లెలి మాట పరిహాసపాత్రమైంది. రావిచెట్టుకు ప్రదక్షిణ చేసే మనవారికి ఇందులో నవ్వవలసినదేమీ కనిపించకపోవచ్చు. 1974లో రేణి గ్రామ మహిళలు చెట్లను కౌగిలించుకుని గొడ్డళ్ళకు అడ్డునిలిచినది హిమాలయ సానువుల్లోనే గదా! అయితే ప్రదక్షిణ చేసిన చేతులతోనే రోడ్డు వెడల్పు కోసం వేపచెట్లు నరికించడం కూడా మన రాజధానికి కొత్త కాదు గనుక, డచ్చివారిని చూసి మనం మరీ మురిసిపోనక్కరలేదు.

పరిహాసానికి ఇరీన్ వెనుదీయలేదు. మనిషికీ ప్రకృతికీ తెగిన బంధాన్ని తిరిగి కలపడమే ఆశయంగా 2001లో ఒక ప్రకృతి విద్యాసంస్థను నెలకొల్పారు. దక్షిణాఫ్రికాలో ఒక వ్యవసాయక్షేత్రాన్ని కొని, దానిని తిరిగి ప్రకృతికే అప్పగించే పనికి పూనుకున్నారు. ఈ పనులలో దేనికీ ఆమె ఏ మంత్రి అనుమతీ కోరవలసిన అవసరం లేకపోయింది. హేగ్ సభలో ఆమె వ్యతిరేకించిన క్షిపణులు హాలెండ్ చేరనేలేదు. 1987లో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందం ఆ అవసరాన్ని తొలగించింది.